బాకీపడ్డ సాయంత్రం

మా లాస్ వేగాస్ జూదశాలల్లో గడియారాలుండవు. అక్కడ పనిచేసేవాళ్లు దేవుణ్ణి ఏ వేళకు తలుచుకుంటారన్నది నాకు ఏళ్లుగా ఉన్న సందేహం. ఒక సాయంత్రం ఊరి పక్కన ఎర్రరాళ్ల లోయలో నా వెనక కూర్చున్న భార్యాభర్తల మాటలు వినబడ్డాయి.

“రొట్టె అందించి అరచేతులు తిప్పి చూపిస్తావేంటి? ఇక్కడ కెమెరాల్లేవు,” అందామె.

“పేక పంచే చేతులు కదా. ఏమీ దాచలేదని చూపించడం అలవాటైపోయింది.”

“ఇందాకటి ఫోను జూదశాల వాళ్లదేనా?”

“మనిషి తక్కువట. ఈ ఒక్క షిఫ్టుకు రమ్మంటున్నారు.”

“నిన్న ఇంటికొచ్చి వాంతి చేసుకున్నావు.”

“నా బల్ల దగ్గర ఒకతను గుండె పట్టుకుని పడిపోయాడు. పక్కవాడు అతని మీదుగా చెయ్యి చాపి ఇంకో ముక్క అడిగాడు.”

“నువ్వేం చేశావు?”

“వేశాను. వేసి, ఇలాగే అరచేతులు చూపించాను. ఈ చేతులంటేనే రోతగా ఉంది.”

“పెళ్లైన ఏడాది ఇక్కడ పొద్దుగుంకడం చూపిస్తానన్నావు. ఊరికి అరగంట దూరం. ముప్పై ఒక్క ఏళ్లయింది.”

ఫోను మళ్లీ మోగి, మధ్యలోనే ఆగింది.

“కట్టేశాను. ఇంకా ఎంతసేపు?”

“కొండ నీడ అదిగో, అక్కడ మేస్తున్న ఆ అడవిగాడిద దాకా రానీ. ఈ పూటకి నీ గడియారం అదే.”

“అది నడిచిపోతే?”

“ఇంకాసేపు కూర్చుంటావు.”

నీడ గాడిదను దాటింది. రాళ్ల ఎరుపు మెల్లగా ఆరిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే, ఆయన చేతులు ఆమె ఒళ్లో ఉన్నాయి.

“బాకీ చెల్లు,” అందామె.