పురుగును శంకించిన ప్రసూనాంబ గారు

1993 ఆగస్టు 16న విజయనగరం జిల్లాలోని మా వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కీటక శాస్త్రవేత్తగా చేరిన శ్రీమతి ప్రసూనాంబ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఎవరి మాటనూ, చివరకు తమ ప్రయోగ ఫలితాలనూ వెంటనే విశ్వసించకపోవడం వారి స్వభావం. ఆ శంకే ఒక నిర్దోషిని కాపాడింది.

తొలి సంవత్సరాల్లో వారు మా జిల్లాలోనూ పొరుగు జిల్లాలోనూ కూరగాయల తోటలు తిరిగి, పురుగులను తరతరాలుగా పెంచి పరిశీలించారు. బయటి ఒత్తిడేదీ లేకుండా అసంఖ్యాకమైన పురుగులు స్వేచ్ఛగా జతకడుతున్నంత కాలం వాటిలో ఏ జన్యు లక్షణం ఎన్నింటికి ఉందనే వాటాలు స్థిరంగా ఉంటాయి. "వాటా మారిందంటే ఏదో చెయ్యి పడిందన్నమాటే" అనేవారు మాతో.

వారు సీనియర్ శాస్త్రవేత్త అయిన మరుసటి ఏడాది, గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో వంగతోటలు కాయతొలుచు పురుగు పాలయ్యాయి. ఎంత మందు కొట్టినా అది చావలేదు. మందుల దుకాణదారు నూకయ్య కల్తీ చేశాడంటూ రైతులు అతని కొట్టు మూయించి, ఊరినుంచి వెళ్లగొట్టబోయారు. ప్రసూనాంబ గారు కూడా మొదట నూకయ్యనే అనుమానించి, మందును పరీక్షకు పంపారు. కల్తీ లేదు. అప్పుడు వారి అనుమానం పురుగు మీదికి మళ్లింది.

ఆ మాట చెప్పడానికి మేం వెళితే, జగ్గమ్మ అనే రైతు మమ్మల్ని ఎగాదిగా చూసి, "నూకయ్య మీకేటిచ్చినాడమ్మా?" అని నిలదీసింది.

"నన్ను నమ్మొద్దు. మందు నువ్వే కొట్టి చూడు" అన్నారు ప్రసూనాంబ గారు.

ఎన్నడూ మందెరుగని కొండవాలు తోటలోని పురుగులను ఒక పళ్లెంలో, ఆ ఊరి పురుగులను మరో పళ్లెంలో ఉంచాం. నూకయ్య అమ్మిన మందునే జగ్గమ్మ రెండింటి మీదా కొట్టింది. మర్నాటికి కొండవి చచ్చాయి, ఊరివి పాకుతున్నాయి.

"మందు తాగి బతకడం దీనికెవులు నేర్పినారు?"

"ఎవరూ నేర్పలేదు. తట్టుకునేవి మొదట్నుంచీ ఏ కొన్నో ఉన్నాయి. ఏళ్ల తరబడి అదే మందు కొడితే మిగతావి చచ్చాయి, ఇవి మిగిలి సంతానాన్ని పెంచాయి. కొన్నాళ్లు మందు మార్చండి. తోటలో ఓ మూల అసలు కొట్టకండి. అక్కడ బతికే మామూలు పురుగులు వీటితో జతకడితే, వీటి వాటా తగ్గుతుంది."

"పురుక్కి తోట మేపమంతన్నారా!" అని జగ్గమ్మ పళ్లాలకేసి మరోసారి చూసి, "ఓ మూలే ఒగ్గుతాను" అంది.

మర్నాడు నూకయ్య మళ్లీ కొట్టు తెరిచాడు. రెండేళ్లకు పురుగు అదుపులోకి వచ్చింది. జగ్గమ్మ సంచెడు వంకాయలు తెచ్చి ఇస్తే, ప్రసూనాంబ గారు ఒక్కొక్కటీ కోసి చూశాకే నవ్వారు.

అనంతరం ప్రధాన శాస్త్రవేత్తగా ఎందరో యువ పరిశోధకులను తీర్చిదిద్దిన ఆ విదుషీమణి, సంపూర్ణ ఆరోగ్యంతో, చూపు మందగించక, కాలు అలయక ఈ చేనుగట్ల మీద ఇంకా ఎన్నెన్నో ఏళ్లు నడవాలని, నూకయ్య కుటుంబంతో పాటు మేమందరం మనసారా కోరుకుంటున్నాం.