పాపకి పెట్టని పేరు

నాగాయలంక. యుద్ధంలో పతకం తెచ్చుకుని సినిమా యాక్టరైన శోభనాద్రి, అదే యుద్ధంలో గల్లంతైన స్నేహితుడు పోతయ్య ఇంటికొచ్చాడు. ఎదురుగా పోతయ్య భార్య వీరదుర్గ.

"ఆ కుర్చీ ఊగుద్దండీ. ఇటు కూర్చోండి అన్నయ్యగారూ."

"పర్లేదమ్మా. బందరులో ఫంక్షనుంది, వెళ్ళిపోవాలి. రమ్మని కబురంపావంట?"

"మీ సినిమా చూశాను."

"చూశావా! ఎలా ఉంది?"

"ఆఫీసరుగారిని భుజానేసుకుని మీరు కొండ దిగుతుంటే హాలంతా ఈలలే."

"అది నిజంగా జరిగిందేనమ్మా. పతకం ఇచ్చింది దానికేగా."

"దాని ముందు సీను. మా ఆయన వేషం వేసినతను పడిపోయి ఏదో అంటాడు."

"ఏదో... సినిమా అన్నాక సెంటిమెంటు ఉండాలి కదా."

"'పాపకి మా అమ్మ పేరు పెట్టమను, సుబ్బాయమ్మని' అంటాడు."

"రైటర్ రాశాడమ్మా."

"రైటర్‌కి మా అత్త పేరెవరు చెప్పారు?"

"నేనే చెప్పుంటాను. టీ వద్దమ్మా, వద్దు."

"టీ కాదండీ. పాప పుట్టింది, ఏం పేరు పెడదామని నేను ఉత్తరం రాశాను కదా. కొండెక్కబోతుంటే చేతికొచ్చింది, విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు, ఆ తర్వాత మనిషే నాకు కనపళ్ళేదు అన్నారు. మీరే అన్నారు, పాతికేళ్ళ కింద, ఈ అరుగు మీదే."

"అలా... అలా అన్నానా?"

"ఉత్తరం విప్పనోడికి పుట్టింది పాప అని ఎలా తెలిసింది?"

"వీరదుర్గా..."

"ఆయనొచ్చి పేరు పెడతాడని బళ్ళో వేసేదాకా దాన్ని పాపా అనే పిలిచాను. మా అత్త పోయేదాకా కొడుక్కి కంచం పెడతానే ఉంది. శవం రాలేదని నేను బొట్టు తియ్యలేదు. ఏ జైల్లోనన్నా ఉన్నాడేమోనని..."

"తప్పయింది. తప్పయిందమ్మా."

"తప్పొప్పులు నాకెందుకండీ! మీరు పక్కనున్నారు. ఆయన పోయాడా? ఆ ఒక్క ముక్క చెప్పండి. ఈ పూటే తుడిచేసుకుంటాను."

"ఇద్దర్నీ మొయ్యలేనమ్మా. ఒక్కణ్ణే... ఆఫీసరుగారు..."

"అది అడగలేదు నేను. మా ఆయన కన్నుమూశాడా, లేదా?"

"చూళ్ళేదమ్మా. నేను దిగిపోతుంటే, పేరు పెట్టి నన్ను పిలుస్తానే ఉన్నాడు."