తట్టనక్కర్లేని తలుపు

దక్షిణ ఫ్రాన్సులో ఒక ఊరు. యూదుల బడిలో కాల్పులు జరిగిన వారం. చనిపోయిన పిల్లవాడు నిస్సిమ్ ఇల్లు, మూడో అంతస్తు. తల్లి జిసెల్ నేల మీద కూర్చుని ఉంది. ఆమె అక్క యుగెత్ ఇంటి తలుపు దగ్గర నిలబడింది.

“గడియ కాదే, కనీసం గొలుసన్నా వెయ్యనీ.”

“వద్దక్కా.”

“కింద తుపాకీ పట్టుకుని నిలబడ్డ సిపాయి కూడా అదే అన్నాడు. తలుపులేసుకోండమ్మా, ఎవరొస్తారో ఏమో అని.”

“ఆ సిపాయికేం తెలుసు? చావింటి తలుపుకి ఏడు రోజులూ గడియ పెట్టం. వచ్చేవాళ్ళు తట్టకూడదు, పిలవకూడదు. నాన్న పోయినప్పుడు గాలికి మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టింది నువ్వే కదా.”

“నాన్న మంచంలో పోయాడు. ఎనభై దాటి పోయాడు. ఈ పసివాణ్ణి... యూదుల పిల్లలు ఎక్కడ చదువుకుంటారో కనుక్కుని మరీ వచ్చాడే వాడు. మేమిక్కడున్నాం రండని మనం తలుపు తీసి పెట్టుకోవాలా? కింద బెల్లు పక్కనున్న మన ఇంటిపేరు పీకేద్దామన్నాడు నిన్న మీ ఆయన కూడా.”

“ఆల్బర్ లేచాడా?”

“లేదు. నిద్రమందు మత్తులోనే ఉన్నాడు. మాట మార్చకు.”

“పేరు ఉండనీ అక్కా. అది నిస్సిమ్ అతికించాడు. వంకరగా అతికించాడు. ఉండనీ.”

“సరే, సరే. ఉండనీలే. మేయరు తెచ్చిన పూలు మెట్ల మీదే పెట్టించాను. చావింటికి పూలేమిటి మనకి, పెళ్ళా? పాపం, తెలీక తెచ్చాడు. చిన్నది తాలియా ఏమన్నా తిందా?”

“లేదు. వంటింట్లో బల్ల కిందే ఉంది. పక్కింటివాళ్ళు తెచ్చిన పప్పూ గుడ్లూ అలాగే ఉన్నాయి. నీళ్ళు తాగుతోంది.”

“ఆరేళ్ళ పిల్ల. ఎన్నాళ్ళని నీళ్ళ మీద ఉంటుందే? ఆసుపత్రికి తీసుకెళ్దాం పద.”

“తీసుకెళ్ళాం. సూది మందు వేసి పంపించారు. అక్కా, మెట్ల మీద ఇంకా ఉందా ఆవిడ?”

“ఎవరు?”

“తెలీనట్టు అడగకు. ఎదురింటామె నీతో చెప్తుంటే విన్నాను. తాలియా వాళ్ళ టీచరు.”

“ఉంది. నిన్నా వచ్చింది. నిలబడి నిలబడి పోయింది. ఇవాళా అలాగే పోతుంది.”

“లోపలికి రమ్మని చెప్పచ్చుగా.”

“నేనెందుకు చెప్తాను? తట్టడానికి చెయ్యెత్తుతుంది, దించేస్తుంది. ఈ ఇంటికి తట్టక్కర్లేదని ఆవిడకేం తెలుసు? మనవాళ్ళమ్మాయి కాదుగా. మనవాళ్ళమ్మాయైతే ఆ రోజు తలుపు తీసుండేది.”

“అక్కా.”

“ఏం, తప్పన్నానా? బిడ్డ ప్రాణం అరచేత పట్టుకుని చెల్లి ఉన్న గదికే పరిగెత్తుకొచ్చాడు. తలుపు బాదుతుంటే లోపల తాళం వేసుక్కూచున్న మనిషి...”

“లోపల గది నిండా పిల్లలున్నారు. వాళ్ళలో నా కూతురుంది. ప్రమాద గంట మోగాక ఎవరు తట్టినా తీయొద్దని బడివాళ్ళే నేర్పారు. తట్టేది ఆ కాల్చేవాడే కావచ్చని.”

“నీకెక్కడిదే ఇంత ఓపిక?”

“ఓపిక లేదక్కా. ఏమీ లేదు. ఆవిణ్ణి పిలువు, పనుంది.”

“తిడతావా? తిట్టు. కడుపులో దాచుకోకు.”

“పిలువు.”

“ఇదిగో, క్లోతిల్డ్ గారూ. రండి. తట్టక్కర్లేదు, తలుపు తీసే ఉంది. పలకరింపులేవీ వద్దు. వెళ్ళి మా చెల్లెలి ఎదురుగా కూర్చోండి. అది మాట్లాడేదాకా మీరు నోరెత్తకూడదు. మా పద్ధతి.”

“అలాగేనండి.”

“నేల మీద కాదు. నేల మాకు. ఆ కుర్చీ తీసుకోండి.”

“అక్కా, నువ్వు ఆల్బర్ దగ్గరికెళ్ళు.”

“నేనిక్కడుంటే ఏం?”

“వెళ్ళక్కా.”

“వెళ్తున్నాలే. ఏడిస్తే మాత్రం వస్తాను.”

“...టీచరుగారూ.”

“మదాం, నేను...”

“క్షమించమని అడగడానికొచ్చారా?”

“అడిగే మొహం లేదు నాకు. మీరేమంటే అది పడదామని వచ్చాను.”

“తాళంచెవి తాళంలో పెట్టారట కదా.”

“ఎవరు చెప్పారు మీకు? పోలీసులకి కూడా చెప్పలేదు ఆ మాట.”

“ఎందుకు చెప్పలేదు?”

“మర్చిపోయాను.”

“మర్చిపోలేదు. చెబితే, మరి ఎందుకాగావని అడుగుతారు. అందుకు చెప్పలేదు.”

“మీకెవరు చెప్పారు మదాం?”

“తాలియా చెప్పింది. నా మెడ పట్టుకుని చెవిలో చెప్పింది. టీచర్ తీయబోయింది, నేనే తీయొద్దన్నాను, టీచర్ ఆగిపోయింది అని.”

“బయటున్నది అన్నయ్యని దానికి తెలీదు మదాం. నేనే నేర్పాను. ఆటలా నేర్పాను. నేను తలుపు దగ్గరికెళ్తే అందరూ ‘తీయొద్దు టీచర్’ అనాలి. బాగా అన్నవాళ్ళకి చాక్లెట్. అది బాగా నేర్చుకుంది, అంతే.”

“తెలుసు. చాక్లెట్ కాగితం ఇంటికి తెచ్చి చూపించింది.”

“ఆగింది నేను. దాని మాటకి కాదు, నా భయానికి...”

“దాని మాటకే. మీకు బొంకడం రాదు టీచరుగారూ, మొహంలోనే తెలిసిపోతోంది. కానీ ఇప్పుడు బొంకాలి. నా దగ్గర కాదు, దాని దగ్గర.”

“అంటే?”

“దాని మాట మీకు వినపడలేదని చెప్పండి. తాళంచెవి పెట్టింది తీయడానికి కాదని చెప్పండి. అది అన్నా, అనకపోయినా మీరు తీసేవారు కాదని చెప్పండి.”

“నేను తీసేదాన్ని మదాం. దేవుడి మీద ఒట్టు, తీసేదాన్ని.”

“నాకు తెలుసమ్మా.”

“నాకు మిగిలింది ఆ ఒక్కటే. తీయబోయానని. దాన్ని పట్టుకునే తెల్లారేదాకా...”

“అదే ఇమ్మంటున్నాను.”

“దాని తప్పు కాదని, పసిదానివని, మెల్లగా చెబితే...”

“చెప్పాం. నేను చెప్పాను, వాళ్ళ నాన్న చెప్పాడు, మా గురువు రబ్బీగారొచ్చి చెప్పారు. నేను అనకపోతే టీచర్ తీసేది కదా అంటుంది. నిజమే కదా. నిజాన్ని పట్టుకుని నేనేం చెయ్యను? మీరక్కడ లేరుగా అంటుంది. ఉన్నది మీరొక్కరే. మీరు చెబితే నమ్ముతుంది.”

“ఇక నన్ను దగ్గరికి రానివ్వదు అది.”

“రానివ్వదు. దాని బొమ్మలన్నిట్లోనూ మీరే ఉంటారు, నాకంటే పెద్దగా గీస్తుంది మిమ్మల్ని. అందుకే ఇన్నాళ్ళూ కబురు పెట్టడానికి నోరు రాలేదు. ఒక బిడ్డని మట్టిలో పెట్టొచ్చాను. రెండోది కళ్ళ ముందే కొడిగడుతోంది. నాకు ఇంకేం తోచడం లేదు.”

“...వంటిల్లెటు?”

“ఎడం పక్కన. నేను గుమ్మం దగ్గర ఉంటాను.”

“తాలియా. నేనమ్మా. బల్ల కింద నాక్కూడా చోటుందా?”

“ఉంది టీచర్. తల కొట్టుకుంటుంది, వంగండి.”

“వంగాను.”

“మీ ఒళ్ళో కూచోనా?”

“ముందొక మాట చెప్పాలి నీకు.”

“నేను అమ్మకి చెప్పేశాను. మీకు కోపమొచ్చిందా?”

“ఏం చెప్పావు?”

“నేను తీయొద్దన్నానని.”

“ఎప్పుడన్నావు?”

“అప్పుడే. మీరు తాళంచెవి పెట్టినప్పుడు.”

“నాకు వినపళ్ళేదే.”

“గట్టిగానే అన్నాను. మీరు నా వైపు చూశారు.”

“అందరినీ చూశాను. ఎవరన్నా లేస్తున్నారేమోనని. నీ మాట వినపళ్ళేదు.”

“మరి తాళంచెవి?”

“సరిగ్గా పడిందో లేదోనని ఇంకోసారి బిగించాను.”

“తీయడానికి కాదా?”

“కాదు.”

“నేను తీయమని అంటే?”

“తీసేదాన్ని కాదు.”

“అన్నయ్యని చెప్పినా?”

“...చెప్పినా.”

“అయితే మీరే.”

“నేనే, తల్లీ.”

“నేను కాదు.”

“నువ్వు కానే కాదు.”

“అమ్మా.”

“ఇక్కడే ఉన్నాను బంగారం.”

“ఈవిణ్ణి వెళ్ళిపొమ్మను.”