చార్టులో లేని పేరు

ఫ్యాక్టరీ బస్సు టేకులపల్లి అడవి దాటుతోంది. ముందు సీట్లో పన్నెండేళ్ల సర్వీసున్న ఆపరేటరమ్మ. పక్కన, ఆమె దగ్గరే పని నేర్చుకుని నిన్న షిఫ్టు ఇన్‌చార్జి అయినతను.

“స్వీటు తీస్కో అక్కా. నీ దయే గిదంతా.”

“తింటగానీ, ప్రమోషన్ నాకెందుకియ్యలేదో చెప్పిన్రా?”

“రెండేండ్లు నైట్ డ్యూటీ చేసుండాల్నట. నువ్వొక్క నైటు గూడ చెయ్యలేదు గదా.”

“చెయ్యనిచ్చిన్రా? ఏడు అర్జీలు పెట్టిన. ఆడోళ్లకు నైట్లెందుకని పాత ఇన్‌చార్జి నైట్ డ్యూటీ చార్టుల నా పేరే రాయలే.”

“నాకు తెల్వదా అక్కా? గా అర్జీలు రాసిచ్చింది నేనే. శానా అన్యాయం.”

“రేపటి సంది చార్టు రాసేది నువ్వే గద?”

“అవ్.”

“అయితే సోమవారం సంది నన్ను నైట్ల వెయ్యి.”

అతను స్వీటు డబ్బాకు మూత పెట్టాడు.

“అడవి దారి అక్కా. నీకేమన్న అయితే నా మీదికొస్తది.”

“నైటోళ్లు గూడ గీ బస్సులనే వస్తరు గదరా?”

“ఆళ్లు మొగోళ్లు. ఒక పని చెయ్యి, ఇంకో అర్జీ పెట్టు. మంచిగ రాసిస్త.”

“ఎవలకు పెట్టాలె?”

“నాకే.”