నాన్న ఎక్కిన గొలుసుల బండి

"తాతయ్యా, ఈ జర్మనీ చెక్క బండికి స్టీరింగు కుడిపక్కన పెట్టావేంటి? ఫోన్లో చూశా, అసలు బండికి ఎడమపక్కనుంది."

పట్టేశావా? రా, ఇట్టా కూర్చో. దాన్ని గట్టిగా పట్టుకోకు, ముందు చక్రం వదులైంది. దానికీ వయసైపోయింది కదా. మీ అమ్మ గౌన్లేసుకుని తిరిగే రోజుల్లో చేశా ఇది... కాదు కాదు, మీ అమ్మ అప్పటికింకా పుట్టలా. నాకు పెళ్ళి కొత్త.

అప్పుడు మాది నందిగామలో లారీ బాడీలు కట్టే షెడ్డు. హైదరాబాద్ రోడ్డు పక్కనే. మా నాన్న, అంటే మీ ముత్తాత, కుర్రతనంలో మిలిటరీలో చేశాడు. పెద్ద యుద్ధంలో, ఎక్కడో ఆఫ్రికా ఎడారిలో. అక్కడ కుడికాలికి దెబ్బ తగిలింది. మన లారీలేమో ఇసకలో దిగబడిపోయి కదలట్లా. జర్మనీవాళ్ళు వదిలేసిపోయిన బండొకటి మనోళ్ళకి దొరికిందంట, దాంట్లో ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చారంట. ముందేమో లారీ చక్రాలు, వెనకేమో ట్యాంకుకున్నట్టు గొలుసులు. "ఆ బండి లేకపోతే నేను లేను, నువ్వూ లేవు" అనేవాడు నాతో.

ఇది చెప్తే ఎవరు నమ్ముతారు చెప్పు? మా మేనమామ జగ్గయ్యపేట నుంచి ఎప్పుడొచ్చినా టీకొట్టు దగ్గర పదిమందిలో అందుకునేవాడు. "ముందు లారీ, వెనక బుల్డోజరు! బావా, నీకు దెబ్బ తగిలింది కాలికి కాదు, తలకి" అని. వరసైనవాళ్ళు కదా, వేళాకోళమే అనుకో. మొదట్లో మా నాన్న కూడా నవ్వేవాడు. తర్వాత్తర్వాత ఆ మాటెత్తడమే మానేశాడు. ఈలోపు చూపు కూడా పోయింది. కళ్ళు కనపడని మనిషి అరుగు మీద అట్టా కూర్చుంటే చూడలేకపోయేవాణ్ణమ్మా. ఎట్టాగైనా ఆ బండి చేసి ఆయన చేతిలో పెట్టాలి, ఆయన ఉండగానే పెట్టాలి. అదీ నా పంతం.

చెయ్యాలంటే చూసి చెయ్యాలి కదా. ఇప్పుడంటే నీ ఫోన్లో అన్నీ ఉన్నయ్. అప్పుడు పుస్తకమే దిక్కు. లైబ్రరీలో అడిగితే లావుపాటి యుద్ధం పుస్తకమొకటి ఇచ్చారు. తిరగేస్తే అన్నీ టోపీలు పెట్టుకున్న పెద్దమనుషుల ఫొటోలే. బెజవాడ పోయా. అప్పట్లో బెజవాడకి బస్సు టికెట్టంటే ఇప్పటి టీ ఖరీదు కూడా కాదులే. ఫుట్‌పాత్ మీద వెతికి వెతికి ఒకటి తెచ్చా. అట్ట మీద బ్రహ్మాండంగా ఉంది. లోపల చూద్దును కదా, ఎవరో వేసిన రంగుల బొమ్మలు, ఎక్కడ చూసినా పొగ, మంట. బండి తక్కువ, దుమ్మెక్కువ. దాన్ని చూసి చెక్క కొయ్యగలమా? మనకి కావాల్సింది పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, గీతలు గీసి కొలతలేసిన బొమ్మలు. మంచి పుస్తకమంటే అదమ్మా.

మస్తాన్ అని నా ఫ్రెండు ఉండేవాడు, లారీ డ్రైవరు. హైదరాబాద్ లోడుకెళ్ళేవాడు. సిగరెట్ పెట్టె అట్ట మీద బొమ్మ గీసి వాడికిచ్చా. ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు పరుస్తారు చూడు, అక్కడ కనపడ్డ ప్రతివాడికీ చూపించాడు పాపం. ఏం తెచ్చాడనుకున్నావ్? మొదటిసారి ట్రాక్టర్ల పుస్తకం. ఆ తర్వాత బుల్డోజరు రిపేరు పుస్తకం. "ఇదేంట్రా" అంటే, "గొలుసుంది కదన్నా" అంటాడు! గరికపాడు చెక్‌పోస్టులో లోడు చూడ్డానికొచ్చినాయన లోడు సంగతి మర్చిపోయి ఆ బొమ్మలు చూస్తూ నిలబడ్డాడంట. మస్తాన్ చెప్పి చెప్పి నవ్వేవాడు. మంచి మనిషి. ఇప్పుడు లేడులే.

చివరికి తెచ్చాడు. సన్నపాటి పుస్తకం, అట్ట లేదు, చెమ్మకి ఉబ్బిపోయుంది. తెరిస్తే అదే బండి! మూడు వరసల సీట్లు, గొలుసు లోపల చక్రాలేమో పళ్ళెం మీద పళ్ళెం ఒరగబెట్టినట్టు. మా నాన్న చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రం, కొలతలుంటే చాలు. పై నుంచి చూసే బొమ్మ ఒక్కటే చిరిగిపోయింది. పోతేపోనీ, లారీలు కట్టేవాణ్ణి, లోపల ఏదెక్కడుంటుందో నాకు తెలీదా అనుకున్నా. షెడ్డులో మిగిలిన టేకు ముక్కలతో బాడీ చేశా, సైకిలు చైన్లతో గొలుసులేశా. స్టీరింగంటావా, మన లారీలకి కుడిపక్కనే కదా ఉండేది. కళ్ళు మూసుకుని అక్కడ పెట్టేశా.

అయ్యాక మామయ్యని పనిగట్టుకుని పిలిపించా. పుస్తకం ఆయన చేతిలో పెట్టా, బండి మా నాన్న ఒళ్ళో పెట్టా. మామయ్య పేజీలు తిప్పుతున్నాడు. మా నాన్నేమో వేళ్ళతో తడుముతున్నాడు. బానెట్టు, ముందు చక్రాలు, గొలుసులు... మెల్లిగా లోపలికి చెయ్యి పోనిచ్చాడు. మొహం చిట్లించాడు.

"ఒరేయ్, ఇక్కడ స్టీరింగు పెట్టావేంట్రా? మరి నా కాలెక్కడ పెట్టుకోను?"

నాకర్థం కాలా. అప్పుడు చెప్పాడు. డ్రైవరు ఎడమపక్కన కూర్చున్నాడంట. ఈయన్ని కుడిపక్క సీట్లో కూర్చోబెట్టారంట. దెబ్బ తగిలిన కాలు మడవలేక, దారిపొడుగునా బండి బయటికి చాపుకునే కూర్చున్నాడంట. "అటుపక్క తలుపు లేదురా" అన్నాడు. మామయ్య చేతిలో పుస్తకం లాక్కుని చూశా. నిజమే, తలుపు లేదు. నేను చేసిన బండికీ పెట్టలా.

మామయ్య లేచొచ్చి మా నాన్న పక్కన కూర్చున్నాడు. ఆ కుడి మోకాలి మీద చెయ్యేసి, "బావా, చెప్పు. మొదట్నించీ చెప్పు" అన్నాడు. ఇంకేముంది, వడ్డించిన అన్నాలు వడ్డించినట్టే చల్లారిపోయినయ్. నాకు ఏడుపొచ్చేసిందమ్మా, నీ దగ్గర దాచడమెందుకు.

సాయంత్రం స్టీరింగు పీకి అటుపక్కకి మారుద్దామని ఉలి పట్టుకొస్తే, నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీరా. ఎవడో ఒకడు అడుగుతాడు. అడిగితే చెప్తా" అన్నాడు.

పోయేదాకా చెప్పాడమ్మా. ఎవరూ అడక్కపోతే, "బండిలో తప్పెక్కడుందో చూడండి" అని ఆయనే అందుకునేవాడు. ఆయన పోయాక ఎవరూ అడగలా. పండక్కి దుమ్ము దులుపుతారు, మళ్ళీ అక్కడే పెడతారు. నేను కూడా చెప్పడం మానేశా, ఒకప్పుడు ఆయన మానేసినట్టే. ఇదుగో, ఇన్నేళ్ళకి నువ్వడిగావు.

చల్లగా ఉండు తల్లీ. నూరేళ్ళు హాయిగా ఉండు. రేపు నీ ఇంట్లో ఉంటుంది ఇది, నేనుండను. స్టీరింగు మాత్రం మార్చకు. ఎవరైనా అడిగితే... అక్కడ మా నాన్న కాలు పెట్టుకున్నాడని...