పదివేల వోల్టుల ముకాష్

ఊరి కరెంటు పని ఎవరికివ్వాలో ఆ మధ్యాహ్నం టీ దుకాణంలోనే తేల్చేస్తానన్నాడు ఊరిపెద్ద ఇసాబెక్. అడిగినవాళ్లు ఇద్దరే. నారిన్ పట్నంలో రెండేళ్లు కరెంటు పని చదివి పరీక్ష పాసైన అనార్కాన్, ఏమీ పాసవని ముకాష్. మగవాళ్లందరూ ముకాష్ చుట్టూ చేరారు. అనార్కాన్‌ని మాత్రం, ఎలాగూ వచ్చావు కదా, కాస్త టీ పొయ్యమన్నారు. ఈ పని రాకపోతే ఆమె మళ్లీ అన్నగారి గొర్రెల వెనకాల కొండెక్కాల్సిందే. పళ్లు బిగబట్టి పోసింది.

"నాకు మీటర్లెందుకు? తీగకి నాలిక తగిలిస్తే చాలు, ఎన్ని వోల్టులో చెప్పేస్తా," అన్నాడు ముకాష్. "ఓసారి నూట ఎనభై ఏడన్నాను. మీటరు పెట్టి చూస్తే నూట ఎనభై ఏడున్నర. మీటరే తప్పు."

"ఊఁ, చెప్పు," అన్నాడు ముసలి సతార్.

"ఇదో లెక్కా? మొన్నటి మంచు తుపానుకి కనుమ దగ్గర పెద్ద లైను తెగింది చూడు, ఊరంతా చీకటి, బాగుచేసేవాళ్లు రావాలంటే దారి లేదు, నేనేం చేశానంటే ఈ కొస ఈ చేత్తో, ఆ కొస ఆ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మూడు రోజులు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మీసాలు వెలగడం మొదలెట్టాయి. ఆ వెలుతురుకి తోడేళ్లు తెల్లారిందనుకుని వెళ్లిపోయాయి. జేబులో బంగాళాదుంపలు ఉడికాయి. ఏడు గొర్రెలు నాకానుకుని చలి కాచుకున్నాయి, అందులో రెండు అక్కడే ఈనాయి."

"మరి ఊళ్లో కరెంటు?" అన్నాడు సతార్.

"ధగధగా. ఊళ్లో ఓ పెళ్లి కూడా చేశారు."

ఇసాబెక్ తల ఊపుతున్నాడు. పని చేజారిపోతోందని అనార్కాన్ కెటిల్ కింద పెట్టేసింది.

"బాబాయ్, మీ రెండు చేతుల మధ్య ఎన్ని వోల్టులున్నాయి?"

"మొత్తం పదివేలూ. ఒక్కటి కూడా జారనివ్వలేదమ్మాయ్."

"మరి పారిన కరెంటు ఎంత?"

"అయిదొందల ఆంపియర్లు," అన్నాడు, కాస్త తగ్గించి చెబుతున్నట్టు.

"పదివేలని అయిదొందలతో భాగిస్తే ఇరవై. అంటే కరెంటుకి అడ్డుపడ్డంలో మీరు ఇరవై ఓముల మనిషి."

"విన్నారా? ఇరవై," అన్నాడు ముకాష్, చుట్టూ చూసి.

"పదివేలని అయిదొందలతో గుణిస్తే యాభై లక్షల వాట్లు. ఈ కరెంటు కెటిల్ రెండువేలు తాగుతుంది. అంటే మీరొక్కరే రెండువేల అయిదొందల కెటిళ్లంత తాగారు. పదివేల వోల్టులూ మీ దగ్గరే ఆగిపోతే ఊరికి మిగిలింది సున్నా. ఆ పెళ్లి చీకట్లోనే జరిగుండాలి బాబాయ్."

సతార్‌కి టీ పొలమారింది.

"అబ్బే, నా దగ్గరేం ఆగలేదు. నేను ఊరికే పట్టుకున్నానంతే," అన్నాడు ముకాష్ గబగబా.

"ఏమీ ఆగకపోతే వేడి పుట్టదు. దుంపలు దేనికి ఉడికాయి?"

ముకాష్, మూడు రోజులు తీగలు పట్టుకున్న ఆ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. "అందుకే నాకప్పట్నించీ నీరసం," అన్నాడు.

ఇసాబెక్ లేచి టోపీ సర్దుకున్నాడు.

"రేపట్నించి కరెంటు పని అనార్కాన్ చూస్తుంది. ఇవాళ టీ ఎవరిది వాళ్లే పోసుకోండి. ముకాష్‌కి మాత్రం ఇంకో రొట్టె పెట్టండి, పాపం యాభై లక్షల వాట్లు పోగొట్టుకున్నాడు."