పందికొక్కుకు నాలుగు పేర్లు

కిషన్‌బాగ్‌లో చిన్న ఇల్లు, మధ్యాహ్నం మూడు గంటలు. డానియేలు ఉప్పు వేసిన వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా గడప మీద కూతురు రూప.

"ఒక్క ఫోన్ కొడితే ఏం పోతది బిడ్డా?"

"నేను కొట్ట బాపూ."

"మాఫ్ చెయ్యుండ్రి సార్, కోపంల అన్న, అను. గంతే. అయిపోతది."

"ఏం తప్పు చేసిన అని అడగాలె? ఇయ్యాల నేను పాఠాలు చెప్పే బడికి సెలవు. నీకు అన్నం డబ్బ ఇద్దామని మొఘల్‌పురకొస్తిని. నువ్వు మ్యాన్‌హోల్ పక్కన నిలవడ్డవు. ఆ కొత్త ఇంజనీరు కార్లకెళ్లి దిగకుండనే, 'ఏయ్ బ్యాండికూట్, కమాన్' అన్నడు. మనిషిని గట్ల పిలుస్తరా?"

"పిలుస్తరు."

"బాపూ!"

"పిలుస్తరు బిడ్డా. ఇరవై ఆరేండ్ల సంది పిలుస్తున్నరు. నీకు ఇయ్యాల ఎరుకైంది."

"ఇరవై ఆరేండ్లా?"

"నేను మోరీ పనిల చేరిన కొత్తల బాలరాజ్ అని నా జోడీ ఉండె. లోపలికెళ్లి పైకొస్తే ఒళ్లంత మడ్డి, కండ్లు రెండే కనవడుతుండె. పందికొక్కు లెక్కనే ఉన్నవురా అన్నడు వాడు. అంటుకున్నది."

"అన్నోడు మంచిగనే ఉన్నడు, పడ్డోనికి అంటుకున్నది."

"నవ్వులకన్నడు లే. వాడు మంచోడు. తర్వాత కరీం భాయ్ మేస్త్రీగ వచ్చిండు. ఆయనకు తెలుగు అంతంత మాత్రం. పందికొక్కు అంటే ఏంది భై అని అడిగిండు. గోడ పొంటి ఒకటి ఉరుకుతుంటె చూపిచ్చిన. 'అచ్ఛా, ఘూస్!' అన్నడు. ఆ దినం సంది ఘూస్."

"ఘూస్ అంటే లంచం గదా."

"రెండూ ఘూసే. జిందగీల లంచం మొకం చూడనోనికి ఆ పేరు. తర్వాత రాయచూర్ నుంచి లేబర్ దిగింది, కేబుల్ పనికి. ఆళ్ల కన్నడంల హెగ్గణ. 'హెగ్గణ అన్నా' అనెటోళ్లు నన్ను. అన్నా అని కలిపిండ్రు సూడు, మర్యాదస్థులు."

"నవ్వకు బాపూ. నాకు కడుపు మండుతున్నది."

"నవ్వకుంటె ఏం జేయాలె? ఇగ ఈ ఇంజనీరు ఏ ఊరాయనో, ఇంగ్లీషు తప్ప ఏం రాదు. కరీం భాయ్ సెల్లుల బొమ్మ చూపిచ్చి చెప్పిండంట. బ్యాండికూట్ అయ్యింది. ఇంగ్లీషు గదా, జర ఇజ్జత్ పెరిగిందనుకున్న."

"అది ఇంగ్లీషు కాదు."

"మరేంది?"

"మన మాటే. పందికొక్కే. ఎనకట ఇంగ్లీషోళ్లు ఓడలల్ల మన సముద్రం దిక్కుకు యాపారానికొచ్చిండ్రు. ఇంత పెద్ద ఎలుకను ఎన్నడు సూడలే ఆళ్లు. ఏందిది అంటే మనోళ్లు పందికొక్కు అన్నరు. ఆళ్ల నోరు తిరగక బ్యాండికూట్ అయ్యింది. డిక్షనరీల ఉన్నది, ఆరో తరగతి పిల్లలకు నేనే చెప్పిన."

"పందికొక్కు... బ్యాండికూట్... అవు. గట్లనే ఉన్నది."

"ఆడికే ఆగలే. ఆస్ట్రేలియాకు పోయినోళ్లు ఆడ ఇంకో జంతువును సూసి దానికీ అదే పేరు తగిలిచ్చిండ్రు. అది అసలు ఎలుకనే కాదు. పిల్లలను కడుపు కాడ సంచిల పెట్టుకొని తిరుగుతది."

"సంచిలనా?"

"సంచిల. మన పందికొక్కుకు దానికి సుట్టరికమే లేదు."

"పాపం. తనను ఏమని పిలుస్తున్నరో దానికి ఎరుక గూడ ఉండదు."

"గందుకే ఆ సారుకు ఇంగ్లీషులనే చెప్పిన. మీరు ఏ భాషల అన్నా అది మా తిట్టే, మాకు అర్థమైతది, ఈయనకు డానియేలు అని పేరున్నది అని. మనిషిని మోరీల దింపుడు చట్టానికి ఖిలాఫ్, ఫోటో తీస్త అని గూడ అన్న. తప్పా?"

"తప్పు గాదు."

"మరి మాఫీ ఎందుకు?"

"నీళ్లు సల్లారినయి. జర వేడివి పొయ్యి."

"బాపూ, నేను అడుగుతున్న."

"నువ్వు పోయినంక పని ఆపిండు సారు. అందరిని ఎల్లిపొమ్మన్నడు. ఆ పిల్ల మాఫీ అడగకుంటె పనోళ్ల లిస్టుల నుంచి మా పేర్లు కొట్టేస్తరని కరీం భాయ్ అన్నడు."

"మా పేర్లా? ఎవరెవరియి?"

"నా పేరే. నోరు జారింది."

"ఇటు సూడు. ఎవరియి?"

"మోకాళ్లు గుంజుతున్నయి రూపా. జర సేపు ఊకుండు."

"ఊకుంట. చెప్పినంక."

"...నా మోకాళ్లు ఇగ పనిచేస్తలేవు బిడ్డా. నిచ్చెన దిగుతున్న గానీ ఎక్కుడైతలేదు. మొన్న ఇద్దరు గుంజిండ్రు నన్ను. నువ్వు దిగకుంటె ఇంట్లకెళ్లి ఇంకొకన్ని తే, లేకుంటె బంద్ అన్నడు సారు."

"మరి ఇయ్యాల నిన్నే పిలిచిండు గదా, బ్యాండికూట్ అని."

"నన్ను గాదు."

"నిన్ను గాక ఎవరిని? నీ పక్కన మొకానికి గుడ్డ కట్టుకున్న పోరడు ఒక్కడే ఉండె."

"నిన్ను సూడంగనే కట్టుకున్నడు ఆ గుడ్డ. అక్క గుర్తుపడ్తదని."

"...నందునా?"

"నందే."

"వాడు కంచన్‌బాగ్‌ల సెల్లు దుకాణంల ఉన్నడు గదా!"

"దుకాణం మూసి నెలాయె. నీకు చెప్పొద్దని ఒట్టు వేయిచ్చుకున్నడు. ఇయ్యాల వానికి మొదటి రోజు. లిస్టుల వాని అసలు పేరు ఎక్కి గంట గూడ గాలే, సారు మాత్రం నా పేరు తీసి వానికి పెట్టేసిండు."

"నువ్వు సూస్కుంట నిలవడ్డవా?"

"నడుముకు తాడు నేనే కట్టిన."

"బాపూ..."

"కాలు లోపల పెట్టిండు. గప్పుడే నువ్వొచ్చినవు."

"వాడు ఇప్పుడు ఏడున్నడు?"

"హోటల్ల చాయ్ ముంగట పెట్టుకొని కూసున్నడు. ఇంటికి రానీకి భయం, నువ్వు తిడ్తవని."

"తిడ్త. ఇద్దరిని తిడ్త. గానీ ఆ సారుకు మాత్రం ఫోన్ కొట్ట. సంపినా కొట్ట."

"కొట్టకు."

"ఇందాకటి సంది కొట్టు కొట్టు అంటివి!"

"భయానికన్న. గల్లీ మొత్తం సూస్తుంటె నువ్వు లొల్లి పెడ్తివి, నాకు తలకాయ ఎత్తబుద్ధి కాలే. గానీ లోపల... లోపల ఒక్కటే అనుకున్న."

"ఏమని?"

"ఆగకు బిడ్డా, ఇంకా జర సేపు అరువు అని. వాడు కాలు బయటికి తీసెదాంక అరువు అని."

"వాన్ని దింపొద్దని నువ్వే అనకపోతివా సారుతోని?"

"ఇరవై ఆరేండ్లు ఏ పేరుతోని పిలిస్తే ఆ పేరుకు పలికిన. ఇప్పుడు నోరు లేస్తలేదు. పేర్లు కొట్టేస్తమని బెదిరిచ్చినా, రేపు తొమ్మిదింటికి వాన్ని మళ్ల దిగనీకి రమ్మన్నరు. నువ్వు గూడ రా. ఇయ్యాల్టి కన్న ఎక్కువ లొల్లి చెయ్యి."